ఉద్యోగికి ఔట్‌టర్న్ ఎంత?

క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలని మిల్లులకు సర్కారు లెక్క కట్టింది; దీన్నే ఔట్‌టర్న్ అంటారు. యాసంగి ఎండలకు గింజ పగిలి నూకల పాలవుతున్నదని మిల్లర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. అంత నిక్కచ్చి సర్కారు, ఒక మనిషిని కొలువులో పెట్టుకుంటే అతడి నుండి ఎంత పని రావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మిల్లు పక్కన మిల్లు లేచిన మిర్యాలగూడ ప్రాంతంలో, అప్పులతో ఈడుస్తున్న ఒక చిన్న మిల్లు ఈ లోపం మీదనే నిలబడి ఉందని నా దృఢమైన అభిప్రాయం.

ముందుగా కొనుగోలు సూపర్‌వైజరుగారి ప్రతిభను గమనించాలి. వడ్లలో తేమ 17 శాతం మించరాదన్నది నిబంధన. మీటరులో బ్యాటరీ అయిపోయి, కొత్తది కొనే కాగితం యజమాని సంతకం కోసం ఎదురుచూస్తున్నందున, వారే ఒక గింజను పంటి కింద వేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, "పద్దెనిమిది" అని ప్రకటిస్తారు. రోహిణి కార్తెలో తారురోడ్డు మీద ఎండిన వడ్లయినా పద్దెనిమిదే. ఒక రైతు ఉపాయంగా ఆ మిల్లు గోదాములోని గింజనే తెచ్చి చేతిలో పెడితే, దానికీ పద్దెనిమిదే పలికింది. ఇంత నిలకడ ఏ మీటరుకు ఉంటుంది?

బాయిలర్ ఆపరేటరు నిష్ఠాపరుడు. బాయిలర్ చల్లబడి ఎన్నాళ్లయినా పొద్దున్నే దానికి బొట్టు పెట్టి అగరుబత్తి వెలిగిస్తాడు; ప్రస్తుతం ఆ మిల్లు నుండి లేచే పొగ అదొక్కటే.

అయితే అసలు మేధావి గుమాస్తాగారు. మిల్లు లెక్కలు ఒక పుస్తకంలో, తాను నడిపే చిట్టీ లెక్కలు మరొక పుస్తకంలో రాస్తారు. మొదటి దానికి దుమ్ము పట్టింది, రెండవ దానికి అట్ట వేసి ఉంది. హమాలీలు మొదలుకొని యజమాని దాకా అందరూ అందులో సభ్యులే. జీతాలకు డబ్బు లేనప్పుడు యజమాని పాట పాడి చిట్టీ ఎత్తుకుంటారు, ఆ డబ్బుతో జీతాలిస్తారు, జీతం అందిన వారు అక్కడికక్కడే చిట్టీ వాయిదా కడతారు. ఆ విధంగా అవే నోట్లు సాయంత్రానికి గుమాస్తాగారి సొరుగులోకి చేరుకుంటాయి. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కోరే రిజిస్ట్రేషన్ గురించి వారు ఎన్నడూ వినలేదు గాని, 2019లో కమీషన్ పరిమితిని 5 నుండి 7 శాతానికి పెంచిన సవరణను మాత్రం ఆ నెల నుండే అమలు చేశారు.

కనుక ఉద్యోగుల ఔట్‌టర్న్ కొలిచే అధికారి ఎవరైనా వస్తే, ఆ కప్పు కింద లాభాల్లో నడుస్తున్న సంస్థ ఒకటుందని విధిగా నమోదు చేయవలసి ఉంటుంది. మిల్లు మూసివేయడమే మేలని బ్యాంకువారు ఈ మధ్య సలహా ఇచ్చారు. యజమాని దాదాపు ఒప్పుకున్నారు గాని, చిట్టీ ముగియడానికి ఇంకా పదకొండు నెలలుందని గుమాస్తాగారు అనుమతి నిరాకరించారు.