హిమాలయాలను చదును చేయాల్సిందే

ఏటా అక్టోబర్ చివర్లో మొదలవుతుంది ఈ గొడవ. కొండల్లో తొలి మంచు ఎప్పుడు పడుతుందో వాతావరణ శాఖ ఒక మాట చెబుతుంది, ఫోన్‌లో యాప్ ఇంకో మాట చెబుతుంది, టీవీ వాళ్లు ఆ రెంటికీ సంబంధం లేని మూడో మాట చెబుతారు, ఆఖరికి కొండ తనకు తోచినట్టు చేస్తుంది. అప్పుడు అందరూ కలిసి వాతావరణ శాఖను తిడతారు. తప్పు చేసినవాణ్ని వదిలేసి చేతికి దొరికినవాణ్ని బాదడం మనకు కొత్తేం కాదు గానీ, ఈ కేసులో అసలు ముద్దాయి ఎవరో కళ్లెదుటే కనబడుతోంది. కదలకుండా నిలబడి ఉంది. కొండ.

సాక్ష్యాలు కావాలంటే కశ్మీర్‌లోని గుల్మార్గ్ నుంచే మొదలుపెడదాం. అక్కడి గోండోలా, అంటే తాడు మీద నడిచే కేబుల్ కారు, కింది స్టేషన్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, పై స్టేషన్ దాదాపు 3,980 మీటర్లు, మధ్యలో తాడు పొడవు మొత్తం 5 కిలోమీటర్ల చిల్లర. ఎత్తు పెరిగేకొద్దీ గాలి కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి కిందికీ పైకీ 8 డిగ్రీల పైనే తేడా. ఇప్పుడు పాపం వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్ వైపు నుంచి చూడండి. అది భూమినంతా గళ్లుగా కోసుకుని ఒక్కో గడికి ఒక ఎత్తు, ఒక ఉష్ణోగ్రత రాసుకుంటుంది. యూరప్ వాళ్ల మోడల్‌లో గడి సుమారు 9 కిలోమీటర్లు, 2025 మేలో మన వాతావరణ శాఖ అందుబాటులోకి తెచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో 6 కిలోమీటర్లు. అంటే గోండోలా మొత్తాన్నీ ఒక్క గడిలో మడిచి పెట్టేయొచ్చు. ఆ ఒక్క గడిలోనే, అదే గంటలో, కింద వాన పడుతుంది, మధ్యలో వానా మంచూ కలిసి పడతాయి, పైన మోకాలి లోతు మంచు పేరుకుంటుంది. యాప్‌లో మాత్రం ఒక్క బొమ్మకే చోటుంది. ఒక గడికి ఒక వాతావరణం అనే కనీస క్రమశిక్షణ లేని కొండను ఏమనాలి?

మోడల్ తన వంతు సర్దుబాటు తను చేసింది, అది గమనించాలి. దాని లోపల ఉన్న హిమాలయాలు మనం ఫొటోల్లో చూసే హిమాలయాలు కావు. శిఖరాలు చెక్కేసి, లోయలు పూడ్చేసి, నున్నగా సగటు తీసిన మర్యాదస్తుల హిమాలయాలు. అక్కడ అంతా లెక్క ప్రకారమే నడుస్తుంది. బయట ఉన్న అసలు కొండలే ఇంకా పాత పద్ధతిలో గతుకులు గతుకులుగా పడి ఉన్నాయి.

మనాలిది మరీ ఘోరం. ఊరు సుమారు 2,050 మీటర్ల ఎత్తులో ఉంది, రోహ్‌తాంగ్ కనుమ 3,978 మీటర్లు. గాల్లో గీత గీస్తే రెంటికీ మధ్య సుమారు 15 కిలోమీటర్లే, ఉష్ణోగ్రతలో మాత్రం 12 డిగ్రీల తేడా. కనుమ మీద మంచు పడిందని ఎవరో వీడియో పెడతారు, కింద ‘మనాలి’ అని రాస్తారు, అది చూసి సెలవు పెట్టి, ఇంటిల్లిపాదికీ ఉన్ని టోపీలు కొని బయల్దేరినవాళ్లు మాల్ రోడ్డు మీద ఎండలో నిలబడి టాక్సీ అతన్ని నిలదీస్తారు. "భయ్యా, స్నో ఎక్కడ?" అతను కొండ పైకి వేలు చూపిస్తాడు. వీళ్లు అతనికి ఫోన్ చూపిస్తారు. ఈ వాదనలో ఫోన్ ఎప్పుడూ ఓడిపోదు.

ఉష్ణోగ్రత సంగతి ఇంకో మోసం. మైనస్ కనబడితే మంచు పడాలని కదా మన లెక్క. కొండ లోయల్లో అలా జరగదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడుతుంది, ఆ చల్లగాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది, కాబట్టి లోయలో ఉన్నవాడు వణుకుతుంటే కొంచెం పైన వాలు మీద ఉన్నవాడు కాస్త నయంగా ఉంటాడు. అదే మబ్బు పట్టిందంటే ఆ వేడి పైకి పోకుండా ఆగి, రాత్రి ఉష్ణోగ్రత పెరుగుతుంది. మంచు పడాలంటే మబ్బు కావాలి. మబ్బు వస్తే చలి తగ్గుతుంది! శ్రీనగర్‌లో 2024 డిసెంబర్ 21న, సరిగ్గా అక్కడివాళ్లు చిల్లై కలాన్ అనే నలభై రోజుల చలి మొదలయ్యే రోజున, మైనస్ 8.5 డిగ్రీలు నమోదైంది. యాభై ఏళ్లలో డిసెంబర్ నెలకు అదే అత్యంత చల్లని రాత్రి అన్నారు. ఊళ్లో మంచు మాత్రం లేదు. అది ఓ వారం ఆగి, చలి కాస్త తగ్గాక, తీరిగ్గా వచ్చింది. ఇలాంటి ప్రవర్తనను కోర్టులో ఎలా సమర్థించుకుంటుందో నాకైతే తెలియదు.

అసలు చిక్కంతా సున్నాకీ రెండు డిగ్రీలకీ మధ్య ఉంది. చలికాలం నడిమధ్యలో అంచనా వేయడం కొంత తేలిక, ఎందుకంటే అప్పుడు పడేది చాలావరకు మంచే. నవంబర్ మొదట్లో పడేది వానా మంచా అన్నది ఒక్క డిగ్రీ తేల్చేస్తుంది. ఆ ఒక్క డిగ్రీ తేడాకి మంచు గీత, అంటే పైన మంచు, కింద వాన పడే హద్దు, 150 మీటర్లు పైకో కిందికో జరిగిపోతుంది. సిమ్లాలో జాఖూ గుట్ట మీద తెల్లగా పరుచుకుని, కింద బస్టాండ్ దగ్గర గొడుగులు తెరుచుకునేది ఇందుకే. పైగా మంచు రేకులు కిందికి దిగుతూ కరిగేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటాయి. అందువల్ల గట్టిగా, ఆగకుండా పడితే ఆ పడటమే గాలిని చల్లార్చి మంచు గీతను వందల మీటర్లు కిందికి దించేస్తుంది. వానగా మొదలైంది గంటలో మంచుగా మారిపోతుంది. ఎంత లోతు పడుతుందన్నది మరో తలనొప్పి. 10 మిల్లీమీటర్ల నీటికి సుమారు 10 సెంటీమీటర్ల మంచు అన్నది మోటు లెక్క. తడి మంచైతే అందులో సగం, పొడి మంచైతే రెండింతలు. ఇన్ని షరతులు పెట్టుకుని కూచున్న పదార్థం గురించి, "శనివారం పడుతుందా పడదా, ఒక్క మాటలో చెప్పండి" అని అడిగే హక్కు మనకు ఉండనే ఉంది.

ఆపిల్ రైతులు కూడా ఇదే అడుగుతున్నారు, కాకపోతే సెల్ఫీ కోసం కాదు. 2018 నవంబర్ మొదటి వారంలోనూ, మళ్లీ 2019లో సరిగ్గా అదే వారంలోనూ కశ్మీర్ తోటల మీద తొందరపడి మంచు పడింది. చెట్లకు ఆకులు ఇంకా రాలలేదు. ఆకు ఉన్న కొమ్మ మీద తడి మంచు నిలబడిపోతుంది, జారదు. ఏళ్ల తరబడి పెంచిన చెట్లు ఒక్క రాత్రిలో నిలువునా చీలిపోయాయి. కొమ్మలు దులుపుకోవాలన్నా, మిగిలిన కాయ కోసుకోవాలన్నా ముందే తెలియాలి, తెలియాల్సింది కూడా ‘జిల్లాలో కొన్ని చోట్ల’ అని కాదు, మా వాలు మీద పడుతుందా లేదా అని. ఈ ఒక్క చోట మాత్రం నా వ్యంగ్యం నాకే పెద్దగా రుచించడం లేదు కాబట్టి తప్పు చెట్టు మీద కూడా కొంత వేసి ముందుకు పోతాను. నవంబర్ వచ్చినా ఆకులు రాల్చుకోకపోవడం నిర్లక్ష్యం కాదా?

‘కొన్ని చోట్ల’ అంటే గుర్తొచ్చింది. వాతావరణ శాఖ భాషను వెక్కిరించేవాళ్లు ఆ భాషకు కొలతలున్నాయని మర్చిపోతారు. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని స్టేషన్లలో 25 శాతం వరకు, ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం. ఇంత నికార్సయిన లెక్కను ఇంత నీళ్లు నమిలినట్టు చెప్పగలగడం ప్రభుత్వ శాఖకే సాధ్యం. రంగులూ ఉన్నాయి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండని, రెడ్ అంటే కదలండని. పర్యాటకుడి నిఘంటువులో ఆరెంజ్ అంటే ‘మంచు గ్యారంటీ, వెంటనే హోటల్ బుక్ చేసుకో’.

అంకెలతో వాతావరణాన్ని లొంగదీయాలని చూసిన మొదటి మనిషి గతి తెలిస్తే అయినా కొంచెం జాలి పుడుతుందేమో. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లండ్ ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్స్ నడుపుతూ, ఖాళీ దొరికినప్పుడల్లా 1910 మే 20 నాటి వాతావరణాన్ని చేత్తో లెక్కగట్టాడు. ఆరు గంటల అంచనా కోసం వారాలు పట్టింది. ఆరు గంటల్లో గాలి పీడనం 145 హెక్టోపాస్కల్స్ పెరుగుతుందని తేలింది. ఆ రోజు నిజానికి పీడనం దాదాపు కదల్లేదు. ఆ రాతప్రతి కూడా యుద్ధంలో పోయి, నెలల తర్వాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. అంత తప్పు లెక్కను 1922లో ధైర్యంగా అచ్చువేశాడు మహానుభావుడు. ఈ రోజు మన జేబుల్లో ఉన్న అంచనాలన్నీ ఆ పద్ధతి వారసులే.

తర్వాత 1961లో అమెరికా వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 0.506127 అన్న అంకెను 0.506 అని కుదించి కంప్యూటర్‌కు ఇస్తే పూర్తిగా వేరే వాతావరణం బయటికొచ్చింది. అప్పటి నుంచి శాస్త్రవేత్తలు కాస్త జాగ్రత్తపడి, ఒక్క అంచనా బదులు ఆరంభాన్ని కొద్దికొద్దిగా మార్చి బోలెడు అంచనాలు వేస్తున్నారు. యూరప్ కేంద్రం అయితే ఒకేసారి 51. అందులో 30 మంచు అంటే, 21 కాదంటే, సుమారు 60 శాతం అవకాశం అని చెబుతారు. మనం దాన్ని ‘మాటిచ్చారు’ అని వింటాం. 40 శాతం అంటే ‘పడదన్నారు’ అని వింటాం. కాబట్టి నా మొదటి డిమాండ్: సున్నాకీ వందకీ మధ్య అంకెలను వాతావరణ వార్తల్లో నిషేధించాలి.

రెండో డిమాండ్ వెస్టర్న్ డిస్టర్బెన్సుల గురించి, అంటే పడమటి నుంచి వానా మంచూ మోసుకొచ్చే అల్పపీడనాల గురించి. పశ్చిమ హిమాలయాలకు చలికాలపు మంచు తెచ్చేవి ఇవే. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్థాన్, పాకిస్థాన్ మీదుగా పైగాలి పట్టుకుని వస్తాయి. పాస్‌పోర్టు లేదు, టైమ్‌టేబుల్ లేదు, రెండూ వెంటనే ఇప్పించాలి. దారి కాస్త ఉత్తరానికి జరిగితే మన కొండలు ఎండిపోతాయి. 2024 జనవరిలో గుల్మార్గ్ అలాగే దాదాపు నెలంతా గోధుమరంగు గడ్డితో మిగిలింది. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా చలికాలపు ఆటలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ మంచు గీత పైకి జరుగుతోంది, హిమాచల్‌లో ఆపిల్ తోటలు కూడా దాని వెనకే కిన్నౌర్, లాహౌల్ వైపు ఎక్కుతున్నాయి. ఇదంతా పద్ధతి ప్రకారం జరిగిన బదిలీలా ఉంది. ఉత్తర్వులు మాత్రం ఎవరికీ చేరలేదు.

టీవీ వాళ్లకు ఈ ఉత్తర్వులతో పనిలేదు. 2024 చివర్లో లా నినా (పసిఫిక్ మహాసముద్రం నడిమి నీళ్లు మామూలు కన్నా చల్లబడే దశ) వస్తోంది, ఈసారి చలి చంపేస్తుందని అదరగొట్టారు. ఆ చలికాలం చివర, 2025 ఫిబ్రవరి, దేశంలో 1901 నుంచి నమోదైన ఫిబ్రవరుల్లోకెల్లా వేడిదిగా తేలింది. ఎవరైనా క్షమాపణ అడిగారా? ఇంకేం అడుగుతారు, అప్పటికే వడగాడ్పుల గ్రాఫిక్స్ సిద్ధమయ్యాయి.

అందుకే హిమాలయాలను మోడల్‌లో ఉన్న ఎత్తుకు, గడికి గడి, చదును చేయాలని సవినయంగా కోరుతున్నాను. తవ్వగా వచ్చిన మట్టిని లోయల్లో పోస్తే రాత్రిపూట చల్లగాలి చేరే గుంటలు కూడా పోతాయి, ఒక దెబ్బకు రెండు సమస్యలు. పర్యావరణ అనుమతుల గురించి దిగులు అక్కర్లేదు, రోడ్ల పేరు మీద ఆ పని ఎలాగూ సగం నడుస్తోంది. కొండ అడ్డం లేకపోతే గాలి పైకి లేవదు, లేవకపోతే చల్లబడి మబ్బు కట్టదు, మంచే పడదు కదా అని ఏ శాస్త్రవేత్తో అడ్డు తగలొచ్చు. పడకపోతే మరీ మంచిది. చలికాలమంతా సూర్యుడి బొమ్మ ఒకటి పెట్టేసి, నూటికి నూరు శాతం కచ్చితత్వం సాధించామని ప్రకటించుకోవచ్చు. ఎండాకాలంలో బియాస్‌లోకీ చీనాబ్‌లోకీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయంటారా, ఆ ఫైలు జలవనరుల శాఖది. అక్కడికి పంపండి.