మూడో కన్నం గారికి ఉత్తరం

మా హాల్లో టీవీ వెనక ప్లగ్గు బోర్డులో వెలసిన మూడో కన్నం గారికి, మందస నుంచి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అనాలి గానీ ఇక్కడ కుశలం తమరొక్కరికే. మొన్న వైశాఖంలో పిడుగు పడ్డప్పుడు అమ్మ "అర్జునా, ఫల్గుణా, పార్థా" అనుకుంటూ కిరీటి దాకా వచ్చింది. శ్వేతవాహనుడు వచ్చేలోపే టీవీ టప్పుమంది. వెనకే వైఫై పెట్టె. తమరు మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉన్నారు.

తమ హోదా మాకు తెలియక కాదు. మూడు పిన్నుల్లో తమ పిన్నే లావు, పొడవు. అందరికంటే ముందు లోపలికెళ్లేదీ, ఆఖరున బయటికొచ్చేదీ అదే, పెళ్లింట్లో పెద్దబావగారిలా. తీరా బోర్డు విప్పితే తమ వెనక భూమిలోకి దిగాల్సిన పచ్చవైరే, అదే ఎర్త్ వైరే, లేదు! "ఏటి బాబూ, ఈ కన్నం అందానికెట్టించారా?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

తప్పు మాదేలెండి. టైల్సుకి లెక్క చూసుకోని వాళ్లం, బొగ్గూ ఉప్పూ వేసి గొట్టం దింపే ఎర్త్ గొయ్యి దగ్గర పొదుపు చేశాం. బదులుగా ఎర్రలైటు స్పైక్ బస్టర్ కొన్నాం. ఆ లైటు చూసుకుని ఎంత ధీమా! అందులోని బిళ్ల ఎక్కువైన కరెంటుని పక్కకి తోసేస్తుందట. ఎక్కడికి తోస్తుంది, తమరు దారివ్వకపోతే? పైగా దెబ్బ తగిలినప్పుడల్లా ఆ బిళ్ల కొంచెం కొంచెం అరిగిపోతుందట.

"స్విచ్చి కట్టేశాం కదరా" అని మా చిన్నాన్న ఇప్పటికీ వాదిస్తాడు. మబ్బులోంచి నేల దాకా గాలిని చీల్చుకుని వచ్చినదానికి స్విచ్చిలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఒక అడ్డా? డాబా మీది డిష్ తీగ సంగతి సరేసరి, దానికసలు స్విచ్చే లేదు.

ఇప్పుడు మహేంద్రగిరి మీద మబ్బు కమ్మగానే, ఇంకా ఉరమకముందే, ప్లగ్గులూ డిష్ తీగా పీకేస్తున్నాం. నెత్తి మీదే పడితే 30,000 ఆంపియర్ల ముందు తమరైనా ఏం చేయగలరు, పాపం. అయినా పెరట్లో గొయ్యి తవ్వించాం, తమకి పచ్చవైరు వేయించాం. ఎండలకి మట్టి ఆరిపోకుండా రోజూ బిందెడు నీళ్లు పోస్తున్నాను.

"తులసమ్మకి పొయ్యమంటే కదలడు గానీ" అని అమ్మ సణుగుతోంది.

ఇట్లు,
కొత్త టీవీకి నెలనెలా వాయిదా కడుతున్న
మీ ఇంటాయన