పులుసు పడ్డ లాల్చీ

పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, తెల్ల లాల్చీ వేసుకుని తినమని ఎవరూ అనలేదు. ఆ సంగతి నాకు రాజోలు దగ్గర మా అత్తవారింట్లో తెలిసింది.

గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. ముందురోజు రాత్రే మట్టి దాకలో కాచిన పులుసు, పైన తేరుకున్న నూనె, అందులో బెండకాయలు. ముల్లు తీద్దామని వంగాను. ముక్క జారి ఆకులో పడింది, పులుసు నా పొట్ట మీద పడింది.

చెంబుడు నీళ్ళు పోసి రుద్దాను. ఉప్పూ, చింతపండు పులుపూ పోయే ఉంటాయి, కాదనను. నూనె మాత్రం కదల్లేదు. పసుపేమో ఆ నూనెని పట్టుకుని జానెడు మరకని మూరెడు చేసింది.

"నీళ్ళకి నూనె పోద్దేంటి బావా!" అన్నాడు ఇంటర్ చదివే మా బావమరిది. నీటి అణువులో ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు ధనావేశం ఉంటాయట. ఉప్పు తగిలితే చాలు, సోడియాన్నీ క్లోరైడునీ విడదీసి చుట్టూ మూగేస్తాయట. 100 మిల్లీలీటర్ల నీళ్ళు 36 గ్రాముల దాకా ఉప్పుని కలిపేసుకుంటాయి. నూనెకి ఈ ఆవేశాల గొడవ లేదు. అందుకని నీళ్ళు తమలో తాము చేతులు పట్టుకుని దాన్ని పక్కన పెట్టేస్తాయి, విడిదింట్లో మగపెళ్ళివారిలాగ. పసుపు రంగుదీ నూనె జట్టే.

"సబ్బైతే రెండు వైపులా చుట్టమే బావా. ఓ కొస నీళ్ళని పట్టుకుంటది, ఓ కొస నూనెని."

సగం పాఠమే చెప్పాడని తర్వాత తెలిసింది. నూతి దగ్గరికెళ్ళి బట్టల సబ్బుతో బరబరా రుద్దాను. పొట్ట మీద పసుపు కాస్తా నెత్తురులా ఎర్రబడింది.

"ఓరి నాయనో! అల్లుడుగారికి ముల్లు దిగిపోయిందండీ!" అని మా అత్తగారు పెట్టిన కేకకి మామగారు చెప్పులు కూడా లేకుండా ఆటో కోసం పరిగెత్తారు.

"పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తావు కదే అమ్మా, ఇదీ అదే. సబ్బులో క్షారం ఉంటది," అన్నాడు బావమరిది తాపీగా. నాలుగు చేదల నీళ్ళు గుమ్మరిస్తే మళ్ళీ పసుప్పచ్చగా తిరిగింది. ఎండలో ఆరేస్తే పసుపు వెలిసిపోతుందన్నాడు. నూనె మరక గురించి ఏమీ అనలేదు.

ఈలోగా ఆటో వచ్చేసింది. పిలిచి ఊరికే పంపితే ఏం బాగుంటుందని మామగారు ఆ అబ్బాయికి ఆకేసి కూర్చోబెట్టారు. దాకలో మిగిలిన రెండు ముక్కలూ అతనికే వెళ్ళాయి.

అతని ఒంటి మీదది ఖాకీ చొక్కా. ఎంత పులుసు పడిందో దేవుడికెరుక.