బాల్కనీకి ఐదు మూలల టైల్స్

(కూకట్‌పల్లిలో ఓ ఫ్లాట్. బాల్కనీలో పాత టైల్స్ పీకేసి మేస్త్రీ ఇరానీ చాయ్ తాగడానికి వెళ్లాడు. మూర్తి వంటింట్లోకి రాగానే సరోజ కరెంటు బిల్లు మీద చటుక్కున పప్పుగిన్నె పెట్టేసింది.)

మూర్తి: ఏంటా దాపరికం? బిల్లు ఎక్కువొచ్చిందా?

సరోజ: బిల్లు మామూలే. వెనకాల బొమ్మ గీశాను. బాల్కనీకి ఐదు మూలల టైల్స్ వేయిద్దామండీ.

మూర్తి: రెండు బై రెండు విట్రిఫైడ్‌కి అడ్వాన్సు ఇచ్చేశాను తల్లీ! అయినా ఐదు మూలలవి ఎలా అతుకుతాయి? ఒక్కో మూల 108 డిగ్రీలు. మూడు కలిపితే 324. మిగిలిన 36 డిగ్రీల సందులో ఏం పోస్తావు, వైట్ సిమెంటా?

సరోజ: అన్ని వైపులూ, అన్ని మూలలూ సమానంగా ఉంటేనే ఆ గొడవ. ఏ మూలా లోపలికి నొక్కుకుపోకుండా, కాస్త వంకరగా ఉంటే అతికే రకాలు 15 ఉన్నాయి. నాలుగు కనిపెట్టింది ఒక గృహిణి! శాన్ డియాగోలో మార్జరీ రైస్. హైస్కూల్ లెక్కలే చదివింది. వంటగట్టు మీద గీసుకుంటూ, ఎవరైనా వస్తే కప్పేసేదట.

మూర్తి: ఓహో, అందుకా పప్పుగిన్నె! పాపం, వాళ్లాయన ఆ రోజుల్లో ఏం తిన్నాడో.

సరోజ: ఆ మాట వస్తుందని తెలుసు. 1968లో ఒక గణితవేత్త ఎనిమిదే రకాలు, లిస్టు పూర్తయిందన్నాడు. అచ్చం మీలాగే.

మూర్తి: మధ్యలో నేనేం చేశాను?

సరోజ: పెరుగు ఎదురుగా పెట్టుకుని ఫ్రిజ్‌లో లేదంటారుగా! రైస్ గీసిన డిజైనుని మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా వాళ్లు వాషింగ్టన్ ఆఫీసులో నేల మీద వేయించుకున్నారు. నాకు బాల్కనీ చాలు.

మూర్తి: వింత కావాలంటే 2023లో పేపర్లో వచ్చిన టోపీ ఆకారం వేయించు. 13 వైపులు. ఎంత పరిచినా డిజైను రిపీట్ కాదు.

సరోజ: దాంట్లో కొన్నింటిని తిరగేసి పెట్టాలి. మెరుపు కిందకి, గరుకు పైకి! కాళ్లు ఎవరివి గీసుకుపోవాలి?

(మేస్త్రీ వచ్చాడు.)

మూర్తి: మేస్త్రీ, నువ్వే చెప్పు. ఐదు మూలలవంటే కటింగ్ ఎంతవుతుందో!

మేస్త్రీ: వేస్టేజీ మస్తు ఉంటది సార్. కానీ మీ విట్రిఫైడ్‌కీ కటింగ్ తప్పదు. మూలన పిల్లరు ఏటవాలుగా వచ్చింది. అక్కడ టైలుకి ఒక మూల కోస్తేనే కూర్చుంటది.

సరోజ: కోశాక ఎన్ని మూలలుంటాయండీ?

మూర్తి: నాలుగులో ఒకటి పోతే... మూడు.

మేస్త్రీ: ఐదు సార్.