ఫ్లర్ ద సెల్ గారికి ఓ బహిరంగ లేఖ

శ్రీమతి ఫ్లర్ ద సెల్ (ఉప్పు మళ్ళలో నీళ్ళ మీద సన్నటి పొరలా తేలే ఖరీదైన ఉప్పు) గారికి,
గెరాండ్ ఉప్పు మళ్ళు, అట్లాంటిక్ ఒడ్డు, ఫ్రాన్స్.

నమస్కారాలండీ. "సాయంత్రం రండి, తీసేటప్పుడు చూపిస్తాం" అని టూర్ వాళ్ళు అంటే నమ్మి, పిల్లల్ని కార్లో కుక్కుకుని నాంత్ నుంచి వచ్చి ఆదివారం మధ్యాహ్నమంతా మీ గట్ల మీద నిలబడ్డాం. మీరు రాలేదు. ముందురోజు రాత్రి నాలుగు చినుకులు పడ్డాయంట, పైగా గాలి పడమర నుంచంట, మేడమ్‌గారికి పొడి తూర్పుగాలి వీస్తే గానీ మూడ్ రాదంట. గైడమ్మ ఇదంతా ఎంత భక్తిగా చెప్పిందో! టికెట్ డబ్బులు మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

అసలు ఇంత టెక్కు దేనికండీ? పెద్ద పోటు వచ్చినప్పుడు తూము తీస్తే వాసియేర్ అనే చెరువులోకి వచ్చే సముద్రపు నీళ్ళే కదా మీరు. అక్కడ మట్టి దిగిపోయి, తర్వాత కొబియే, ఫార్, ఆడెర్న్ అంటూ మడి నుంచి మడికి, మోటారూ గీటారూ ఏమీ లేకుండా నేల వాలు మీదే పారి, ఎండకీ గాలికీ చిక్కబడి చిక్కబడి చివరికి ఓయే అనే చిన్న మడికి చేరతారు. ఈ దారంతా మీ అన్నగారు, అదే ఆ బూడిదరంగు కల్లుప్పు, మీతోపాటే నడిచాడు కదా! ఆయన అడుగున బంకమట్టి మీద కూర్చున్నాడు, మీరు పైన సన్నటి పొరలా తేలారు. తేడా అంతే. గాలికి నీళ్ళు కాస్త గట్టిగా కదిలితే మీరూ మునిగి ఆయన పక్కనే కూర్చుంటారు, అప్పుడు మీ కార్కుమూత సీసా ఎక్కడ, మీ రేటెక్కడ? 2012లో యూరప్ వాళ్ళిచ్చిన ఐజీపీ ముద్ర, అదే ఊరి పేరుని వేరేవాళ్ళు వాడుకోకుండా కాపాడే గుర్తింపు, కూడా ఇద్దరికీ ఉంది, మీ సొంత ఆస్తేం కాదు.

వంటలో వెయ్యకూడదు, చివర్లో చిటికెడు చల్లాలి అని చెప్పే షెఫ్‌ల గురించి నేనేం మాట్లాడను. వయొలెట్ పువ్వుల వాసన వస్తుందనే వాళ్ళ గురించి కూడా. రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో చాలా చోట్ల జనం గబెల్ అనే ఉప్పు పన్ను కట్టలేక చస్తుంటే బ్రెటన్ వాళ్ళకి (గెరాండ్ అప్పట్లో వాళ్ళ బ్రిటనీలోదే) ఆ పన్నే లేదు, ఇక్కడి ఉప్పుని పక్క ప్రాంతాలకి దొంగతనంగా మోసి దొరికినోళ్ళు మాత్రం శిక్షగా ఓడల్లో తెడ్లు వెయ్యడానికి పోయారు. మీ గారాబం అప్పట్నుంచీ ఉన్నట్టుంది.

సరే, ఇవన్నీ వదిలేస్తా. నాకు మింగుడుపడనిది ఆ గాలి గోల. మీరెలాగూ రారని తేలాక పక్క మడిలో పనిచేసుకుంటున్న పాలుదియేని, అంటే అక్కడి ఉప్పు రైతుని, పలకరించా. చలికాలమంతా బురద ఎత్తడం, గట్లు కట్టడం, ఆ తర్వాత జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆకాశం వంక చూడటం. వాన పడితే ఇన్నాళ్ళు చిక్కబడ్డ నీళ్ళు మళ్ళీ పలచన, ఎండ కాసేదాకా మళ్ళీ ఎదురుచూపులు. లాస్ అనే పొడుగాటి కర్రతో, కింద బంకమట్టి లేవకుండా కల్లుప్పుని లాక్కొస్తున్నాడాయన, మిమ్మల్ని పైపైన తీయడానికి తెచ్చిన లూస్ అనే పనిముట్టు గట్టు మీద ఊరికే పడుంది. అలకపాన్పెక్కిన కొత్తల్లుడైనా బండి కొనిస్తానంటే దిగుతాడు, మీకేం కొనివ్వాలి?

ఇంక మీరు, గారు నావల్ల కాదు. ఏం చూసుకుని నీకీ పొగరు? ఒకప్పుడు నిన్ను నలగకుండా పైపైన తీసింది ఆడవాళ్ళు, కల్లుప్పుని నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా గట్ల మీద పరిగెత్తిందీ ఆడవాళ్ళే. వాళ్ళెవరైనా ఇవాళ గాలి బాలేదని ఇంట్లో పడుకున్నారా?

1999 డిసెంబర్ గుర్తుందా? ఎరికా అనే చమురు ట్యాంకర్ ఓడ మునిగి చమురు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఒక్క చుక్క లోపలికి రాకూడదని తూములు మూసేసి కాపలా కాశారు నీ వాళ్ళు, 2000లో చాలామంది ఆ ఏటి పంటే వదులుకున్నారు. సీసాలో నీ పేరు చెడకూడదని ఏడాది కూలి పోగొట్టుకున్న మనుషుల కోసం, పడమర గాలిని ఒక్క సాయంత్రం ఓర్చుకోలేవా నువ్వు?

ఇట్లు,
మీ అన్నయ్య కిలో సంచి కస్టమర్,
నాంత్.