వాక్యమే అడ్డొస్తోంది

బెంగళూరులో తెలుగు క్రైస్తవ సంఘాలకు కొదవ లేదు. ఆదివారం పొద్దున మారతహళ్లిలో ఏ సందులో నిలబడ్డా ఏదో ఒక మేడ మీద నుంచి కీబోర్డు వినిపిస్తుంది. "నిన్న ప్రసంగానికి చదివిన బైబిల్ వాక్యం ఏమిటమ్మా?" అని సోమవారం అడిగి చూడండి. "అయ్యగారు (పాస్టరు) ఎంత బాగా చెప్పారో!" అంటారు. ఏం చెప్పారంటే, "చాలా బాగా చెప్పారు."

దీనికి శాస్త్రం మద్దతుంది. 2013లో అమెరికాలో షానా కార్పెంటర్ బృందం మూడు రంగుల పిల్లుల మీద ఒకే పాఠాన్ని రెండు రకాలుగా వీడియో తీసింది. ఒకదాంట్లో టీచరు గలగలా చెప్పింది, రెండోదాంట్లో కాగితం చూసుకుంటూ తడబడింది. గలగల విన్నవాళ్లు తమకు బాగా వచ్చేసిందనుకున్నారు. తీరా పరీక్ష పెడితే ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే.

మన అయ్యగార్లు ఇంకో మెట్టు పైనే ఉన్నారు. మొన్న ఒకచోట బైబిల్లోని ఎఫెసీ పత్రిక, అంటే ఎఫెసు సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, చదివారు. మూడో నిమిషానికి సిల్క్ బోర్డు జంక్షన్‌లో బ్రేకులు పడని ఆటో కథ మొదలైంది. గొంతు పెరిగింది, మైకులో ఎకో పెరిగింది, వెనక కీబోర్డు మూలిగింది. "నీ రోజులు మారబోతున్నాయని పక్కవారితో చెప్పండి" అన్నారు. అప్రైజల్ నెలలో పక్కనున్న మేనేజర్‌తో ఆ మాట చెప్పిన కుర్రాడి టెన్షన్ దేవుడికే ఎరుక. ఆటోవాడు మూడొందలు అడిగాడని సంఘమంతటికీ గుర్తుంది. ఎఫెసీలో ఏ అధ్యాయమో కానుకల సంచి వచ్చేసరికే ఎగిరిపోయింది.

ఇందులో అయ్యగారి తప్పేమీ లేదు. బైబిల్లోనే చూడండి, త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే, ఐతుకు అనే కుర్రాడు నిద్రకు తూలి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. అక్కడే ఉన్న లూకా పడిన సంగతి రాశాడు, పిల్లవాడు బతికిన సంగతీ రాశాడు. పౌలు ఏం చెప్పాడో మాత్రం ఒక్క ముక్క రాయలేదు! ఇక మనమెంత?

బైబిల్ ప్రవక్త యోనాను చూపించి వాదించేవాళ్లు కొందరున్నారు. ఆయన ప్రసంగం ఒకే వాక్యం. కథ లేదు, ఎకో లేదు, వినేవాళ్ల మీద ప్రేమ అసలే లేదు. అయినా నీనెవె పట్టణం పశ్చాత్తాపపడి పశువులతో సహా గోనెపట్ట కట్టుకుంది. కానీ అలాంటి ప్రసంగానికి కీబోర్డు వాయించే అబ్బాయిని ఏం చేసుకుంటాం?

కాబట్టి కమిటీ పెద్దలకు నా విన్నపం ఒకటే. వాక్యభాగం చదవడం ఆపేయండి. ఆ రెండు నిమిషాలూ కూడా ఆటో కథకే ఇస్తే, చివరికి అయ్యగారు మూడొందలూ ఇచ్చారో, బేరమాడారో తెలిసేది.