బోరు మాది, నీరు ఎవరిది?

2019 వేసవిలో చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు అడుగంటినప్పుడు, మా అపార్ట్‌మెంటులోని ఇరవై నాలుగు కుటుంబాల వాళ్ళం మేడమీద సమావేశమై, ఉన్న బోరును మరింత లోతుకు దింపాలని గంటలోపే తీర్మానించుకున్నాం. చెయ్యెత్తినవారిలో నేనూ ఉన్నాను. నెల తిరక్కుండానే వీధి చివరి చేతిపంపు ఎండిపోయింది. అది మా బోరు వల్లనేనని ఎవరూ రుజువు చేయలేరు. ఆ సంగతి తెలుసు కాబట్టే మాలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

తన నేల కింది నీటిని తోడుకునే హక్కు యజమానికి ఉందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం చెబుతుంది. చెన్నైలో భూగర్భజలాల నియంత్రణకు 1987లోనే చట్టం వచ్చినా, మేము తోడిన నీటికి లెక్క అడిగినవారు లేరు. మరోవైపు, జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు, గాలి ఇమిడి ఉన్నాయని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం 2010లో తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది. అంటే చేతిపంపు దగ్గర బిందెతో నిలుచున్న మనిషిదీ హక్కే, మాదీ హక్కే. కాకపోతే మా హక్కుకు మోటారు ఉంది.

ఇలాంటప్పుడు హక్కులతో పాటు బాధ్యతలూ ఉండాలని పెద్దలు హితవు చెబుతారు. ఆ మాట మన దేశంలో ఎవరు ఎవరితో చెబుతూ వచ్చారో చూస్తే నాకు కొంత జంకు కలుగుతుంది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 28 అధికరణాలు పూర్తయ్యాక, 29వ దానిలో గానీ సమాజం పట్ల మనిషికున్న విధులను ప్రస్తావించదు. మన రాజ్యాంగంలో మాత్రం అడవులను, సరస్సులను, నదులను కాపాడటం పౌరుడి విధి అనే 51ఎ అధికరణం 1976లో, అంటే అత్యవసర పరిస్థితి పేరుతో పౌర హక్కులను అటకెక్కించిన రోజుల్లోనే చేరింది. ఊరంతా కలిసి చెరువు బాగుచేసుకునే కుడిమరామత్తును మనం ముచ్చటగా తలచుకుంటాం గానీ, దాని కోసం మద్రాసులో 1858లో వచ్చిన చట్టం పేరులోనే నిర్బంధ శ్రమ ఉంది. తూము ఎత్తి మడిమడికీ నీరు పంచిన నీరుగంటి చాలా ఊళ్ళలో దళితుడు. ఆ నీరు పారిన పొలాలు ఎక్కువగా ఇతరులవి.

అందువల్ల నీటిని తోడుకునే శక్తిని బట్టి బాధ్యతను కొలవాలని నా అభిప్రాయం. బిందెకు పొదుపు నేర్పే ముందు మోటారుకు మీటరు పెట్టాలి. ఆ వేసవిలో మా సంపు నింపిన లారీ నీళ్ళలో చాలా భాగం నగరం చుట్టుపక్కల పల్లెల వ్యవసాయ బావులవి. మేము లారీకి డబ్బు కట్టాం, కానీ ఆ ఊరి భూగర్భజలానికి ఏమీ కట్టలేదు.

చెన్నై తెలుగువారికి ఇందులో మరో లెక్క కూడా ఉంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోగా, ఆవిరి, ఇంకుడు నష్టాలు పోను 12 టీఎంసీల కృష్ణా జలం ఈ నగరానికి చేరాలన్నది తెలుగు గంగ ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు జలాశయం నుంచి పూండికి కాలువలో నీరు వదిలారనే వార్త రాగానే మనం "మన నీళ్ళు" అని మురిసిపోతాం (నేనూ మురిసిపోయినవాణ్ణే). ఆ కాలువ వెంట ఉన్న రైతు కూడా వాటిని తన నీళ్ళనే అంటాడు.

తమిళనాడులో ప్రతి భవనానికీ వాననీటి సేకరణ 2003 నుంచి తప్పనిసరి. మా ఇంకుడు గుంత మీద ఇప్పుడు రెండు స్కూటర్లు నిలబడి ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి కాబట్టి, ఆలోగా మన తెలుగు సంఘం సభ్యులు తమ భవనం బోరు రోజుకు ఎన్ని గంటలు నడుస్తోందో, ఇంకుడు గుంతను చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో సంఘానికి తెలియజేయాలనీ, ఆ వివరాలను సంఘం పత్రిక దీపావళి సంచికలో అచ్చువేయాలనీ కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. మొదటి వివరం మాదే వేసుకోవచ్చు: బోరు రోజుకు ఆరు గంటలు, గుంత శుభ్రం చేసింది 2021లో.